పాపికొండల బోటులో ఆ మైకు ఒక్కటి లేకుంటే

పాపికొండల యాత్రకు మనిషికి 1,250 రూపాయలు పుచ్చుకున్న ఏజెంటు, పై అంతస్తులో సీట్లంటూ మరో 200 అదనంగా గుంజాడు. తీరా ఎక్కాక చూస్తే పైన ఎవరైనా కూర్చోవచ్చు. ఆ సొమ్ము పోతే పోయింది గానీ, గండిపోచమ్మ రేవు దాటిన క్షణం నుంచీ చెవులు చిల్లులు పడేలా మోగించిన పాటలను మాత్రం క్షమించలేను. మా వదిన తలకు కొంగు చుట్టుకుని, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

వినవలసిన మనిషి ఆ బోటులోనే ఉన్నారు. ఆయన దేవీపట్నం వైపు ఉత్తరాలు పంచి, పదవీ విరమణ చేసిన పోస్ట్‌మ్యాన్. పోలవరం ప్రాజెక్టు కోసం కట్టిన తాత్కాలిక అడ్డుకట్ట, అదే కాఫర్ డ్యాం, వద్ద నీరు ఎగదన్నడంతో అక్కడి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆయన కమ్మీ పట్టుకుని నిలబడి, ఎవరి గుమ్మం ఎటు తిరిగి ఉండేదో, ఏ అరుగు మీద ఏ ముసలమ్మ చేత మనియార్డరుకు వేలిముద్ర వేయించుకునేవారో వేలితో చూపిస్తూ చెబుతుంటే, మేము నది మీద కాక ఊరి నడివీధిలో వెళుతున్నట్టే తోచింది. "మా పుట్టింటికి ఉత్తరం తెచ్చింది మీరేనా బాబాయిగారూ?" అని అడిగింది, ఒళ్లో తాటాకు బుట్ట, బుట్టలో కోడిపుంజు పెట్టుకున్న ఒకావిడ. అది పోచమ్మకు మొక్కుకున్న పుంజట. దానికి కొండలు చూపించి తెచ్చి అప్పగిస్తానని అమ్మవారికి మాట ఇచ్చిందట. దానికీ 100 రూపాయలు వసూలు చేశారు!

2019 సెప్టెంబరు 15న బోటు మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన కచ్చులూరు దగ్గరైనా పాటలు ఆపలేదు. లైఫ్ జాకెట్లు సరిచూసింది కూడా సిబ్బంది కాదు. బస్సులోనే సొంత జాకెట్ తొడుక్కుని వచ్చిన ఒక నడివయసాయన, మెడలో ఈలతో వరుస వరుసా తిరిగి, వదులుగా ఉన్న పట్టీలన్నీ బిగించారు. మా వదిన పట్టీ బిగించినప్పుడు ఆవిడ ఆ రోజు మొదటిసారిగా నవ్వింది.

భోజనం ఫర్వాలేదు. పేరంటపల్లి శివాలయం, పక్కన పారే సెలయేరు, కొండరెడ్లు అమ్మే వెదురు వస్తువులు తీరిగ్గా చూడదగినవి. మాకిచ్చింది ఇరవై నిమిషాలే.

వెళ్లేవారు శనాదివారాలు మానుకోండి, సీటు కోసం అదనంగా పైసా ఇవ్వకండి, కింది అంతస్తులో ముందువైపు కూర్చోండి. డబ్బు కట్టేముందే, కచ్చులూరు దగ్గరైనా మైకు ఆపుతారా అని ఏజెంటును కాదు, బోటు నడిపే సరంగునే అడగండి.