'సంపూర్ణ ప్రతి' అనే మాట నమ్మి కొనకండి

నార్వే రచయిత క్నూట్ హామ్సన్ నవల 'గ్రోత్ ఆఫ్ ది సాయిల్' కొనాలనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. అట్ట మీద "సంపూర్ణ ప్రతి, రచయిత జీవితంతో సహా" అని వేసిన ఒక ముద్రణ ఆన్‌లైన్‌లో కొని మోసపోయాను.

ఆ జీవిత పరిచయం రెండు పేజీలు. 1859లో పుట్టుక, పేదరికం, 1890లో 'హంగర్', 1920లో నోబెల్. వెంటనే తర్వాతి వాక్యంలో 1952లో కన్నుమూశారు! మధ్యలో 32 ఏళ్లు మాయం. ఆయన నాజీల పక్షాన నిలిచింది ఆ ఏళ్లలోనే. 1943లో తన నోబెల్ పతకాన్ని హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కి ఇచ్చేశారు. 1945లో హిట్లర్ చనిపోతే పొగుడుతూ నివాళి రాశారు. యుద్ధం అయ్యాక సొంత దేశం నార్వేలోనే కోర్టు భారీ జరిమానా వేసింది.

అనుమానం వచ్చి లైబ్రరీ ప్రతి తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాను. నార్వే ఉత్తరాన ఉండే ఆదివాసీలు, సామీ ప్రజలను చీకట్లో బతికే పురుగులతో పోల్చిన భాగం ఇందులో లేదు. తీసేశామని ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. పై పేరాని కింది పేరాతో అతికించేశారు, అంతే.

ఆ నవలంటే నాకు ప్రాణం. మూట వీపున వేసుకుని, తనకో చోటు వెతుక్కుంటూ కథానాయకుడు ఐజాక్ ఒంటరిగా నడిచే మొదటి పేజీలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. హామ్సన్ చేసిందంతా తెలిసే ఇష్టపడ్డాను. రచన వేరు, మనిషి వేరు అనుకోవాలంటే ముందు రెండూ నా కళ్ల ముందు ఉండాలి కదా. ఆ తూకం వేసుకునే పని నాది, పబ్లిషర్‌ది కాదు.

ఇంకో బాధ ఉంది. తెరిచి చూడకుండానే ఇదే ముద్రణ మా అన్నయ్య కూతురికి కూడా ఇచ్చాను. ఎంతో ఇష్టంగా చదివింది. కొన్నాళ్లకి గోబెల్స్ సంగతి ఇంకెక్కడో చదివి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఇది నీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను.

"మరి చెప్పలేదేం?"

పుస్తకంలో ఉంటుందిలే అనుకున్నానమ్మా అన్నాను. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు.

వాపసు అడిగితే, పేజీలు ఊడితేనో బైండింగ్ పాడైతేనో తప్ప వెనక్కి తీసుకోం అన్నారు.

కొనేముందు శాంపిల్ పేజీలు తెరిచి చూడండి. 'సంక్షిప్తం', 'సవరించిన ముద్రణ' అనే మాటలు కాపీరైట్ పేజీలో మూలన చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. అనువాదకుల పేరే లేకపోతే వదిలేయండి. 2023లో రోల్డ్ డాల్ పిల్లల పుస్తకాల్లో మాటలు మార్చినప్పుడు పెద్ద గొడవై, పాత పాఠం కూడా అమ్మకానికి ఉంచుతామని పబ్లిషర్ ప్రకటించారు. అక్కడ కొనేవాళ్లకి ఎంచుకునే వీలైనా దొరికింది.

ఆ అమ్మాయి కోసం ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో పాత ప్రతి వెతుకుతున్నాను. దొరికాక, తీసేసిన ఆ భాగం ఉన్న పేజీలో చీటీ పెట్టి మరీ ఇస్తాను.