సూదితో కడిగించుకున్న నా భుజం: షాక్‌వేవ్‌తో పోలిస్తే

భుజంలో కాల్షియం చేరిందని చెప్పగానే మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది పాలు మానేయమన్నారు. పక్క ఫ్లాట్ పిన్నిగారైతే "కిళ్ళీ మానెయ్యమ్మా, ఆ సున్నమే ఇదంతా" అన్నారు. నేను కిళ్ళీయే వేసుకోను. తినే కాల్షియానికీ, భుజం టెండన్‌లో (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి పట్టీలో) పేరుకునే కాల్షియానికీ సంబంధం లేదని ఆర్థో డాక్టరు మొదటి రోజే చెప్పారు, కాబట్టి పెరుగన్నం మానలేదు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళలో ఈ జబ్బు కాస్త ఎక్కువ అని కూడా అన్నారు. నాకు షుగరుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

మాత్రలు, ఐసు, వ్యాయామాలు అందరికీ తెలిసినవే, వాటి గురించి రాయను. నేను రాయాలనుకున్నది అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో కాల్షియం కడిగేసే పద్ధతి గురించి. లావాజ్ అంటారు, కొందరు బార్బొటాజ్ అంటారు. చేయించుకుని ఏడాది దాటింది. ఆపరేషన్ లేకుండా నేను చూసిన వైద్యాల్లో మనసుకి తృప్తినిచ్చింది ఇదొక్కటే.

దానికి ముందు షాక్‌వేవ్ అయింది, అంటే మెషీన్‌తో బయటినుంచే ధ్వని తరంగాలు కొట్టే వైద్యం. ఆ కోపం ఇంకా చల్లారలేదు. విశాఖలో ఇప్పుడు సందుకో ఫిజియోథెరపీ సెంటర్ ఉంది, చాలా బోర్డుల మీద షాక్‌వేవ్ అని ఉంటుంది. నేను వెళ్ళిన చోట ప్యాకేజీ డబ్బు ముందే కట్టించుకున్నారు. ఎక్స్‌రే చూపించమని కూడా అడగలేదు. గన్ లాంటిది భుజానికి ఆనించి టకటకా కొట్టడమే పని. ప్యాకేజీ అయిపోయింది గానీ చెయ్యెత్తి జడ వేసుకోవడం మాత్రం రాలేదు.

తర్వాత వేరే డాక్టరు చెబితే తెలిసింది, ఈ షాక్‌వేవ్‌లో రెండు రకాలు ఉన్నాయని. రేడియల్ మెషీన్ శక్తి పైపైనే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఫోకస్డ్ మెషీన్ లోపల అనుకున్న చోటికి గురిపెడుతుంది. 2003లో 144 మంది మీద ఒక ట్రయల్ చేశారు. తక్కువ శక్తి ఇచ్చినవాళ్ళకన్నా, ఉత్తుత్తి చికిత్స చేసినవాళ్ళకన్నా, ఎక్కువ శక్తి ఇచ్చినవాళ్ళకు బాగా తగ్గింది. కాబట్టి షాక్‌వేవ్ పనికిరానిదని నేననను. నాకు పెట్టింది రేడియల్, అదీ తక్కువ శక్తితో. ఆ ముక్క డబ్బు తీసుకునేటప్పుడు చెప్పాలా వద్దా?

ఇక లావాజ్. రామ్‌నగర్‌లో ఒక రేడియాలజిస్టు చేశారు. వెల్లకిలా పడుకోబెట్టి, భుజం శుభ్రం చేసి, మత్తు సూది వేశారు. కాస్త మండింది, అంతే. స్క్రీన్ నావైపు తిప్పమని అడిగితే తిప్పారు. అది చూడటమే నాకు సగం మందు. టెండన్‌లో తెల్లగా మెరిసే మచ్చ, దాని కింద పల్చటి నీడ. గట్టి ముక్కైతే నీడ నల్లగా, చిక్కగా పడుతుందట. నాది పల్చగా ఉంది కాబట్టి లోపల మెత్తగానే ఉంటుంది, సులువుగా వస్తుంది అన్నారు.

సూది ఆ మచ్చలోకి వెళ్ళడం కళ్ళారా చూశాను. సెలైన్ కొద్దిగా లోపలికి తోసి, బొటనవేలు వదిలేస్తే చాలు, ఆ ఒత్తిడికి నీళ్ళు తిరిగి సిరంజిలోకి వచ్చేస్తాయి. మొదటిసారే నీళ్ళ మజ్జిగలా తెల్లగా వచ్చింది! నాకు ఒళ్ళు జలదరించింది. డాక్టరుగారు సిరంజిని సూదికన్నా కిందికి పట్టుకున్నారు. ఎందుకండీ అని అడిగాను. "కాల్షియం అడుక్కి దిగాలమ్మా, లేకపోతే తీసిందాన్ని మళ్ళీ లోపలికే తోసేస్తాం" అన్నారు. సిరంజి మార్చి మార్చి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగారు. నెలల తరబడి నన్ను ఆ పక్కకి తిరిగి పడుకోనివ్వనిది చివరికి అరచెంచా కూడా లేదు. ఇంటికి పట్టుకెళ్ళొచ్చా అని అడిగితే నవ్వారు గానీ ఇవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు మద్దిలపాలెం దాటకముందే ఆటో పై కమ్మీ ఆ చేత్తోనే పట్టుకున్నాను. నొప్పి మాయమైంది.

మాయమైంది అన్నానే, అది మత్తు దిగేదాకా. ఆ రాత్రి నొప్పి ఎలా ఉందంటే, పాత నొప్పే నయమనిపించింది. ఐసు పెట్టుకుంటూ కుర్చీలోనే కూర్చున్నాను. అది రెండు మూడు రోజుల్లో తగ్గింది. కానీ కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఒకసారి రేగింది, బర్సా (టెండన్ పక్కనుండే చిన్న నీటి సంచి) వాస్తే అలా అవుతుందట. చేసేముందు ఈ రెండోదాని గురించి ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

షుగర్ సంగతి కూడా ఇక్కడే. కడిగాక చివర్లో స్టెరాయిడ్ ఇస్తారు. మూడు నెలల షుగర్ పరీక్ష చూసే ఇచ్చారు, అయినా కొన్ని రోజులు పరగడుపున కూడా 200 పైనే చూపించింది. మా షుగర్ డాక్టరుకి ఫోన్ చేసి మందు సర్దుకోవాల్సి వచ్చింది. స్టెరాయిడ్ ఒక్కటే వేయించుకున్నవాళ్ళకీ ఈ తంటా తప్పదు.

ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. 2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో నార్వే, స్వీడన్ ఆసుపత్రుల ట్రయల్ వచ్చింది. 220 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి నిజంగా కడిగి స్టెరాయిడ్ ఇచ్చారు, ఒక గుంపుకి కడిగినట్టు నటించి స్టెరాయిడ్ ఇచ్చారు, మూడో గుంపుకి నటన, మత్తు సూది మాత్రమే. నాలుగు నెలలకి చూస్తే మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు! నాకు ఆ పూట అన్నం సయించలేదు. నా కళ్ళ ముందే బయటికొచ్చిన తెల్లటిదాని మాటేమిటి మరి? నాది అప్పటికే కరిగే దశలో ఉంది. నొప్పి అన్నిటికన్నా ఎక్కువుండేది ఆ దశలోనే, ఒళ్ళు దాన్ని తనంతట తాను కరిగించుకునేదీ ఆ దశలోనే. లావాజ్ తగ్గించిందో, తగ్గబోయే వేళకి నేను వెళ్ళానో తేల్చి చెప్పలేను. కడిగాక మానకుండా చేసిన వ్యాయామాల వాటా ఎంతో కూడా చెప్పలేను.

అయినా మళ్ళీ అవసరమైతే లావాజ్‌కే వెళ్తాను. నాది కంప్యూటర్ ముందు ఉద్యోగం, రెండ్రోజులు సెలవు పెడితే సరిపోయింది. బరువులెత్తే పని చేసేవాళ్ళకి అలా కుదరకపోవచ్చు. షుగర్ అదుపులో లేనివాళ్ళు, ఎక్స్‌రేలో గట్టి ముక్క కనపడినవాళ్ళు నా మాట పట్టుకుని వెళ్ళకండి. మంచి ఫోకస్డ్ మెషీన్ అందుబాటులో ఉంటే ముందు దాన్నే చూడమని వాళ్ళకి చెబుతాను. సూదికి భయపడేవాళ్ళకీ అదే మాట.

పోయిన నెల ఎడమ భుజం కూడా ఎక్స్‌రే తీశారు. అందులోనూ చిన్న మచ్చ ఉంది, నొప్పి మాత్రం లేదు. నొప్పి లేనిదాని జోలికి వెళ్ళొద్దన్నారు డాక్టరుగారు. ఇప్పటికైతే వెళ్ళలేదు.