సంకేత లిపులు, సమ్మెలు: మా పౌర గ్రంథాలయంపై ఒక సమీక్ష

రహస్య సంకేతాల గురించి, కార్మిక సమ్మెల గురించి ఒకేచోట చదువుకోదలచిన విశాఖవాసులకు మా ప్రాంతంలోని పౌర గ్రంథాలయాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. ఈ రెండు విషయాలూ 1946 ఫిబ్రవరి నాటి నౌకాదళ తిరుగుబాటులో కలుస్తాయి. బొంబాయిలోని తల్వార్ అనే సంకేత శిక్షణ కేంద్రంలో నాసిరకం తిండికీ, అధికారుల దూషణలకూ నిరసనగా నావికులు 18వ తేదీన సమ్మెకు దిగగా, సందేశాలు పంపడమే వారి వృత్తి కావడంతో ఆ కబురు వైర్‌లెస్ ద్వారా ఇతర నౌకలకూ రేవులకూ వేగంగా చేరింది. తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఊళ్లో కూర్చుని ఆ చరిత్ర చదవడం నిజంగా కదిలించే అనుభవం.

సంకేత లిపుల పుస్తకాలు కొద్దే అయినా ఎంపిక బాగుంది. అక్షరాన్ని మూడు స్థానాలు ముందుకు జరిపే సీజర్ పద్ధతిని మన వర్ణమాలకు అన్వయించి, 'క' బదులు 'ఘ' రాస్తూ ఇద్దరు విద్యార్థులు చీటీలు తయారు చేస్తుండగా, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి వాటి గుట్టు విప్పడమెలాగో గ్రంథపాలకురాలు ఓపికగా చూపించారు. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బు పండితుడు అల్-కిందీ వివరించిన పద్ధతి అదే. ఇంతటి శ్రద్ధ గల సిబ్బంది దొరకడం అరుదు.

1974 మే 8న మొదలై 20 రోజులు సాగిన రైల్వే సమ్మె వార్తలు బైండు చేసిన పాత దినపత్రికల్లో ఉన్నాయి. అయితే విషయసూచిక లేదు, కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. వీటిని వెంటనే డిజిటలీకరించాలి. ఈ సంపుటాలు కావలసినవారు ఉదయమే అడగడం మంచిది, మధ్యాహ్నం దాటితే బయటకు తీయరు.