నకలు ఆంప్‌తో ఆరేళ్లు

మా ఇంట్లో ఆరేళ్లుగా రోజూ మోగుతున్న ఆంప్లిఫయర్ నేను చేసుకున్నదే, పాత స్టెబిలైజర్ డబ్బాలో. జపాన్‌లో 47 ల్యాబ్ అనే ఆడియో కంపెనీ కోసం జుంజి కిమురా రూపొందించిన గెయిన్‌కార్డ్ అనే ఆంప్‌కి ఇది నకలు. 1999లో వచ్చిన ఆ పెట్టె ధర పవర్ సప్లైతో కలిపి దాదాపు 3,300 డాలర్లు. మూత తీసి చూసినవాళ్లకి కనిపించింది ఛానెల్‌కి తొమ్మిది పార్టులు! అప్పటినుంచి ప్రపంచమంతా ఇళ్లలో చేసుకుంటూనే ఉన్నారు, దానికి గెయిన్‌క్లోన్ అని పేరు కూడా పడింది.

ముందు వాడకం సంగతి. గొంతు స్వచ్ఛంగా వస్తుంది. ఘంటసాల పద్యం ఎత్తుకుంటే ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. నాలుగు ఓమ్‌ల స్పీకర్లు తగిలించి సౌండ్ పెంచితే మాత్రం బేస్ దగ్గర, ఆంప్ పనంతా చేసే చిప్‌లోని రక్షణ వలయం అడ్డుపడి చిటపటమంటుంది. మే నెలలో చిప్ వేడిని లాగే హీట్ సింక్ మీద చెయ్యి ఆనదు. మూడో ఏడు వాల్యూమ్ కంట్రోల్ కరకరలాడితే మార్చాను. మొదట్లో గుయ్‌మనే హమ్ ఉండేది, గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలిపాక పోయింది. చేసుకునేవాళ్లకి ఒక్క మాట: మామూలు ఎల్‌ఎం3886 చిప్ వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, దానికీ హీట్ సింక్‌కీ మధ్య కరెంటు పారకుండా మైకా వాషర్ మరిచిపోవద్దు. నేను మరిచిపోయాను, ఫ్యూజు ఎగిరింది.

ఇది దొంగతనమా? సర్క్యూట్ మటుకు కాదనే అంటాను. ఇంచుమించు అదే బొమ్మని, చేసుకోండి అని, చిప్ తయారుచేసిన కంపెనీయే దాని వివరాల పత్రం, డేటాషీట్‌లో అచ్చువేసింది. కిమురా దగ్గర నేను తీసుకున్నది ధైర్యం. పవర్ సప్లైలో పదివేల మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాల్సిన చోట వెయ్యి చాలని నా అంతట నేను ఎప్పటికీ అనుకునేవాణ్ణి కాదు. అది ఆయన చెవి చేసిన పని. దానికి నేను పైసా ఇవ్వలేదు.

చవగ్గా దొరికాయని ఆన్‌లైన్‌లో కొన్న మొదటి రెండు చిప్‌లు నకిలీవి. ఒకటి ఆ రాత్రే పోయింది; రెండోదాన్ని అసిటోన్‌తో తుడిస్తే అక్షరాలు దూదికి అంటుకొచ్చాయి. నేను తిట్టుకుంటుంటే మా ఆవిడ నవ్వింది, "నకలు చేసేవాళ్లకి నకిలీ మీద కోపమా?" అని. కోపమే. ఆ చిప్ ఇంకొకరి పేరు పెట్టుకుని వచ్చింది. నా డబ్బా మీద ఇప్పటికీ స్టెబిలైజర్ కంపెనీ పేరే ఉంది, అది వేరే సంగతి.

నిరుడు మా బామ్మర్దికి ఒకటి చేసిచ్చాను, పార్టుల డబ్బులే తీసుకుని. "బావా, పైన ఆ జపాన్ పేరు వేయించు, చుట్టాలొస్తే బాగుంటుంది" అన్నాడు. వేయించలేదు. తర్వాత ఆఫీసులో ఇద్దరికి కావాలట, మజూరీ కూడా ఇస్తారట అన్నాడు. అమెరికాలో నెల్సన్ పాస్ తన ఆంప్ డిజైన్లు తనే బయటపెట్టి, మీకోసం చేసుకోండి, అమ్ముకోవద్దు అంటాడు. కిమురాని అడిగే దారి నాకు లేదు, అందుకని ఆ గీతే పెట్టుకున్నాను. వాళ్లిద్దరికీ సర్క్యూట్, పార్టుల జాబితా పంపాను. ఒకాయన కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నాడు. రెండో ఆయన మళ్లీ ఫోన్ చెయ్యలేదు.