బెల్‌ఫాస్ట్ బ్లాక్ టాక్సీ టూర్: గోడ కంటే బడి కథే నచ్చింది

గంటన్నర టూర్, డబ్బులకి న్యాయం జరిగింది. కాథలిక్కులుండే ఫాల్స్ రోడ్, ప్రొటెస్టెంట్లుండే శాంకిల్ రోడ్ మధ్య గొడవలు ఆపడానికి కట్టిన గోడ దగ్గర ఆపి డ్రైవర్ చేతికి మార్కర్ ఇచ్చాడు, మావాడు తెలుగులో పేరు రాశాడు. ఆ గోడలోని కొన్ని గేట్లు ఇప్పటికీ రాత్రిళ్లు మూసేస్తారట! నన్ను పట్టేసింది మాత్రం బడి సంగతి. కాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు వేరువేరు బళ్లలో చదివే ఊళ్లో, బ్రిటిష్ పాలనను వ్యతిరేకించే ఖైదీల నిరాహార దీక్షలతో అట్టుడికిన 1981లోనే కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టి, ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడానికి 28 మంది పిల్లలతో లగాన్ కాలేజ్ అనే హైస్కూలు పెట్టారు. ఇప్పుడక్కడ వెయ్యికి పైనే. అయినా ఉత్తర ఐర్లండ్ మొత్తంలో ఇలాంటి బళ్లకి వెళ్లేది పది శాతం లోపే, అదే బాధ. డ్రైవర్ యాస సగం అర్థం కాలేదు, మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కోలేదు పాపం. వెనక హీటర్ పనిచేయలేదు, స్వెట్టర్ వేసుకెళ్లండి.