పోర్టు రోడ్డు టిఫిన్ సెంటర్: ఇడ్లీకి ఐదు స్టార్లు, కౌంటర్ దగ్గర మాటలకి మూడు

ఒడిశాలో గోపాల్‌పూర్ పోర్టు నుంచి హైవేకి వచ్చే రోడ్డులో మన తెలుగాయన టిఫిన్ సెంటర్ ఉంది. నేను కాంట్రాక్టు లేబర్‌ని, షిప్ హోల్డులో, అంటే సరుకు నింపే అడుగు గదిలో, గ్రాబ్‌కి (క్రేన్ కి వేలాడే ఇనప కొక్కెం తొట్టికి) అందని మూలల్లో మిగిలిపోయిన బొగ్గుని పారతో మధ్యకి లాగడం మా గ్యాంగ్ పని. నైట్ షిఫ్ట్ దిగితే నేరుగా ఇక్కడికే. ఇడ్లీ మెత్తగా పొగలు కక్కుతుంటది, చట్నీ పక్కనే ఒడియావోళ్ళ గుగుని (బఠానీ కూర) కూడా ఓ గరిటె వేస్తాడు, రెండూ కలిపి తింటే ఆ రుచే వేరు, బరంపురంలో కూడా నాకు దొరకలేదు. సాంబారు మాత్రం నీళ్ళే.

మేమొస్తే బెంచీ మీద పేపరు పరుస్తాడు, మసి అంటుకుంటదని. మొదట్లో ఒళ్ళు మండేది, ఓ రోజు లేచి చూస్తే నా ప్యాంటు అచ్చు నల్లగా దిగిపోయుంది, మరేటంటాం.

పోయినేడు ఓవర్‌టైం డబ్బుల కోసం మూడ్రోజులు పని ఆపి పోర్టు గేటు దగ్గర కూచున్నాం. ఆ టైంలో ఇక్కడ టిఫిన్ తింటంటే పక్క టేబులాయన, మొన్న 2024 ఆగస్టులో మీకు జీతం 8.5 శాతం పెంచారు కదా, మళ్ళీ సమ్మె ఏటి, యూనియనోళ్ళకి పని బరువు అన్నాడు. బాబూ అది విశాఖ, పారాదీప్ లాంటి మేజర్ పోర్టులోళ్ళకి, 28న సమ్మె అంటే ముందురోజే ఒప్పందమైపోయింది, మాది సెంటర్ కింద పోర్టు కాదు, పైగా మేం కాంట్రాక్టోళ్ళం అని చెప్తే వినడే. లారీ డ్రైవర్లు కూడా తిట్టారు, వాళ్ళకి బత్తా పోయింది కాబట్టి వాళ్ళనేం అనను. ఓనర్ కూడా కౌంటర్లోంచి అందరికీ వినబడేలా "మీ వల్ల నా బేరం సగానికి పడిపోయింది" అన్నాడు, అంటూనే మా ముగ్గురి బాకీ నోటుబుక్కులో రాసుకుని "ఇంకో రెండేస్తా, తినండ్రా" అన్నాడు. డబ్బులొచ్చేదాకా ఆ బాకీ అడగలేదు.

మర్నాడు పరిచిన పేపర్లో ఆగిపోయిన లారీల ఫోటో పెద్దదేసారు, ఓవర్‌టైం ముక్క ఎక్కడా లేదు. దాని మీదే కూచుని తిన్నా.

వడ కావాలంటే ఏడున్నరలోపే రండి, తర్వాత ఉండదు. ఫోన్‌పే ఉంది గానీ పొద్దున్నే సిగ్నల్ ఉండదు, చిల్లర తెచ్చుకోండి.