వేపేరిలో నాలుగు శనివారాల బొమ్మల తరగతి

చెన్నై వేపేరిలోని ఒక చర్చి హాలులో, ప్రార్థనకూ బైబిలు చదవడానికీ తోడుగా బొమ్మలు వేసుకోవడం నేర్పడానికి, ఆ పని బొత్తిగా రాని తెలుగువారి కోసం నాలుగు శనివారాలు నడిపిన తరగతికి 1,200 రూపాయలు కట్టి వెళ్లివచ్చాను.

మొదటి వారం బైబిలు తెరవనే లేదు. గీత, సున్న, నలుచదరం, ముక్కోణం వస్తే ఎదుట ఉన్నదేదైనా వేయవచ్చునని చెప్పి, టీ గ్లాసునూ గుమ్మం దగ్గర విడిచిన చెప్పులనూ వేయించారు. ఇంట్లో రోజూ పది నిమిషాలు ఒక వస్తువును వేసి, దాని కింద దేవునితో చెప్పుకోవలసిన ఒక్క మాట రాయమన్నారు. మా అత్తగారి మాత్రల డబ్బాను గది తరువాత గదిగా గీస్తున్నప్పుడు, ఏడాదిగా దానిని నింపుతున్న నేనే ఆమె రోజుకు తొమ్మిది మాత్రలు మింగుతున్నారని మొదటిసారి లెక్కపెట్టాను. ఆ రోజు ప్రార్థనకు మాటలు వెతుక్కోవలసిన పని పడలేదు.

రెండో వారం మత్తయి సువార్త 13వ అధ్యాయంలోని ఉపమానాలు తీసుకున్నారు. ఆవగింజ, వల అందరికీ సులువుగానే వచ్చాయి గాని, పులిసిన పిండి దగ్గర చెప్పిన మూడు కుంచాలు, అంటే ధాన్యం కొలిచే పాత్రలు, ఎలా ఉంటాయో మాలో చిన్నవారికి తెలియదు. బాప్తిస్మం తీసుకున్నాక ముంగిట ముగ్గు మానేసిన ఒక పెద్దావిడ, తన పుట్టింటి ఇత్తడి కుంచాన్ని అంచు కట్టుతో సహా, చెయ్యి ఎత్తకుండా వేసి చూపించారు. చుక్కలు కలిపిన వేళ్లు ఎక్కడికి పోతాయి! ఇంతటి మనుషులను ఎదురుగా పెట్టుకుని, విదేశీ పుస్తకాల నుంచి తీసిన బొద్దు గొర్రెపిల్లల జిరాక్సులు పంచి చూసి గీయమనడం నాకు నచ్చలేదు.

మూడో వారం పాఠం, ప్రసంగం వింటూ ఒకే ఒక బొమ్మ వేసుకోవడం. రోము నేలమాళిగ సమాధుల్లో తొలి క్రైస్తవులు గీసిన చేప, లంగరు, గొర్రెను భుజాన మోసే కాపరి బొమ్మలను చూపించి, వాటిలో ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టమన్నారు. ఆ మరుసటి ఆదివారం నేను వేసిన పడవ అరటికాయలా వచ్చిన మాట నిజమే అయినా, ప్రసంగం మాత్రం బుధవారం దాకా గుర్తుంది.

నాలుగో వారం గురించి చెప్పడానికి మనసొప్పడం లేదు. బైబిలు అంచుల్లో బొమ్మలు వేయమని స్పిరిట్ మార్కర్లు చేతికిచ్చారు. ఉల్లిపొర లాంటి ఆ కాగితం మీద 23వ కీర్తన పక్కన నేను వేసిన కాపరి చేతికర్ర వెనుక పేజీకి దిగిపోయి, 24వ కీర్తనలో నాలుగు వరుసలను మింగేసింది. ఫిర్యాదు చేస్తే, అదీ ఒక సాక్ష్యమేనని నవ్వేశారు. మెత్తని పెన్సిలు గాని, పిగ్మెంట్ సిరా ఉన్న 0.25 మిల్లీమీటర్ల పెన్ను గాని ఇచ్చి, ముందు చివరి ఖాళీ పేజీ మీద గీసి చూడమని ఉంటే ఈ నష్టం జరిగేది కాదు.

వచ్చే విడతకు మళ్లీ డబ్బు కడతాను, మా అత్తగారిని కూడా తీసుకువెళతాను. బైబిలును మాత్రం ఇంట్లోనే ఉంచి వెళతాను.